బెల్లం తక్కెడలో నా మనవరాలు

మాఘమాసం రెండో మంగళవారం, పొద్దున పది గంటల ఇరవై నిమిషాలకు నా మనవరాలిని తక్కెడలో కూర్చోబెట్టారు. టైము నాకు బాగా గుర్తు. బడి వంటగది కిటికీలోంచి పెద్దసారు గదిలోని గడియారం కనిపిస్తుంది. పదిన్నరకు ఎసట్లో బియ్యం పోయకపోతే పన్నెండున్నరకు పిల్లలకు అన్నం అందదు. అప్పటికి ఆరేళ్ళుగా ఆ ముల్లు చూసే వండేదాన్ని. ఆ రోజు కూడా ఒక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది, ఇంకో పొయ్యి మీద ఎసరు మరుగుతోంది. గడియారం వైపు తల తిప్పినప్పుడే బయట నుంచి నవ్వులు వినిపించాయి.

మాది పెబ్బేరుకూ గద్వాలకూ నడుమ ఒక ఊరు. కాలువ దాటితే మా గేరి, అంటే మా వాడ. ఊళ్ళోవాళ్ళు మా గేరిలో నీళ్ళు తాగరు. బడి, అమ్మవారి గద్దె రెండూ ఊరి నడుమ పక్కపక్కనే ఉంటాయి, మధ్యలో నడుమెత్తు గోడ. బడిలో మధ్యాహ్నం వండే పని నాకు దొరికిన కొత్తలో సగం ఇళ్ళ పిల్లలు డబ్బాలు తెచ్చుకున్నారు. మా గేరి ఆడదాని చేతి కూడు తినం అని ఎవరూ పైకి అనలేదు. "మా పోరనికి కడుపు నొస్తది" అన్నారు. "మా పిల్లకు బడి పప్పు పడదు" అన్నారు. మొదటి ఏడు నేను వండిందాంట్లో సగం పందులు తిన్నాయి. రెండో ఏడు డబ్బాలు తగ్గాయి. పక్కన కూర్చున్నవాడు వేడి పప్పు కలుపుకుంటుంటే చల్లటి డబ్బా ఎన్ని రోజులు తింటారు? మూడో ఏటికి ఊరి పటేలు దాయాదుల పిల్లలు కూడా పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడ్డారు. నా బతుకులో నేను గెలిచింది ఏదన్నా ఉందంటే అది ఆ వరసే.

కులం మాట పైకి అనలేని వాళ్ళకు ఆరో ఏడు ఇంకో మాట దొరికింది. బడి గుడ్లు మాయమవుతున్నాయట. ఎక్కడికి పోతున్నాయంటే, ముసలిదాని మనవరాలిని చూడండి, ఎట్లా బలిసిందో.

బలిసింది. ఆ మాట మా పిల్లలకే వాడతారు. ఊళ్ళో పిల్లవాడు లావైతే బొద్దుగా ఉన్నాడంటారు, ఒళ్ళు చేశాడంటారు. మా పిల్ల లావైతే బలిసింది అంటారు. మా గేరిలో పుట్టినవాళ్ళు సన్నగా ఉండాలి. ఎముకలు కనపడితే ఊరికి నెమ్మది. ఏ కొంచెం కండ కనిపించినా అది ఎవరిదో దోచుకున్న కండే అనుకుంటారు.

పెద్దసారు రెండుసార్లు నన్ను పిలిచి చెప్పాడు. "చూడవ్వా, నేను నమ్ముత లేను. కానీ ఇంకో మాట వచ్చిందంటే నా చేతుల ఏముండదు. వేరేటోళ్ళను పెట్టమంటరు. వేరేటోళ్ళంటే ఎవరో నీకెరుకే." ఎరుకే. పటేలు ఇంటి వెనక ఉండే వాళ్ళ మనిషి ఒకామె అప్పటికే తయారుగా ఉంది. గంటె ఒకసారి నా చేతి నుంచి పోతే మా గేరిలో మరొకరి చేతికి రాదు. అది నా ఒక్కదాని పని కాదు. అందుకని ఆ ఏడంతా నేను గుడ్డు పెంకులు కూడా పారేయకుండా గంపలో దాచిపెట్టాను, అడిగితే చూపిద్దామని. ఎవరూ అడగలేదు. పెంకులు చూడాలని ఎవరికీ లేదు.

నా మనవరాలి సంగతి చెప్పాలి. నా కొడుకు, కోడలు హైదరాబాదులో బిల్డింగుల పనికి పోయారు. పిల్ల ఎనిమిదేళ్ళు వాళ్ళ వెంటే ఇసుక కుప్పల నడుమ పెరిగింది. పిల్ల ఏడిస్తే తల్లి ఇటుకలు దించి రాలేదు. ఐదు రూపాయల కారం ప్యాకెట్ ఒకటి చేతిలో పెడితే ఏడుపు ఆగేది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. తర్వాత నా దగ్గరికి పంపించారు. నేను పెట్టింది ఏముంది? రేషన్ బియ్యం. పొద్దున అన్నం, రాత్రి అన్నం, మీద ఇంత కారం, ఇంత నూనె. నా చిన్నప్పటి జొన్నరొట్టె ఇప్పుడు కొనాలంటే మాకు అందదు, ఊళ్ళో షుగరొచ్చిన పెద్దవాళ్ళు తింటున్నారు. బడి విడిచాక నేను గుండిగలు తోమి వచ్చేసరికి చీకటి పడుతుంది. ఆడపిల్ల. కాలువ గట్టున తాగేవాళ్ళు కూర్చుంటారు. అందుకని పిల్లను ఇంట్లో పెట్టి బయట తాళం వేసి పోయేదాన్ని. పిల్ల లోపల కూర్చునేది, నా కొడుకు దుకాణపాయనతో ఫోనులో చెప్పి ఇప్పించిన ప్యాకెట్లు తినేది. నా కొడుక్కు పిల్ల మీద ప్రేమ చూపించడానికి ఆ దుకాణం ఒక్కటే దారి. ఎగరడానికి జాగా లేదు, తినడానికి బియ్యం, ప్యాకెట్లు తప్ప ఏదీ లేదు. ఒళ్ళు పెరిగింది.

రాత్రిళ్ళు నేను ఇంటికి వచ్చాక ఆ పిల్లే నాకు అక్షరాలు నేర్పింది. బొగ్గుతో గోడ మీద రాసి, "ఇది ఏందో చెప్పు" అనేది. చెప్పలేకపోతే బడిలో సారు కొట్టినట్టు నా చేతి మీద చీపురు పుల్లతో ఒకటి వేసేది. "అవ్వా, నీకు బుర్రల మట్టి ఉన్నదే" అని నవ్వేది. అరవై దాటాక నా పేరు రాసుకున్నాను. ఇప్పుడు ఇది రాస్తున్నది ఆ చదువుతోనే.

ఇక తక్కెడ సంగతి. పటేలు మనవడు పుట్టినప్పుడు బొక్కల గూడులా ఉండేవాడు, బతకడన్నారు. పదేళ్ళు నిండితే వాని ఎత్తు బెల్లం అమ్మవారికి తూగిస్తానని వాళ్ళ నానమ్మ మొక్కింది. వాడు బతికాడు, వనపర్తిలో పెద్ద బడిలో చదువుతున్నాడు, బాగా లావయ్యాడు. ఆ మంగళవారం కారులో తీసుకొచ్చారు. గద్దె ముందు మూడు దుంగలు పాతి, పత్తి బోరాలు తూచే పాత తక్కెడను గొలుసులతో వేలాడదీశారు. దుంగలు పాతింది మా గేరి మగవాళ్ళే, డప్పు కొట్టింది మావాళ్ళే, ట్రాలీ నుంచి బెల్లం దిమ్మలు మోసింది మావాళ్ళే. బడికి గంట సేపు సెలవిచ్చి పిల్లలను గోడ దాటించి నిలబెట్టారు, ప్రసాదం ఇస్తారని.

అప్పటి దాకా జరిగింది నేను కిటికీలోంచి చూశాను. పిల్లవానికి పట్టు బట్టలు కట్టారు. నడుము దగ్గర పంచె కోసుకుపోతుంటే మాటిమాటికి వదులు చేసుకుంటున్నాడు. తక్కెడ పలక మీద కూర్చోబెట్టారు. అవతల పలక మీద ఒక్కొక్క దిమ్మ పెడుతుంటే జనం కేకలు వేస్తున్నారు. నాలుగు దిమ్మలు పెట్టినా లేవలేదు. "ఇంకోటి ఎయ్యుర్రి! సింహం పిల్ల లెక్కున్నడు!" అన్నారెవరో. ఇంకో దిమ్మ వేశారు. పలక లేచింది. డప్పులు మోగాయి. నానమ్మ కళ్ళు తుడుచుకుంది. బెల్లం ముక్క తీసి పిల్లవాని నోట్లో పెట్టబోతే వాళ్ళమ్మ చెయ్యి పట్టుకుంది. "అత్తమ్మా, వద్దు. డాక్టరు తీపి ముట్టొద్దన్నడు." నానమ్మ ముక్కను పక్కనే ఉన్న పిల్లల గుంపులోకి విసిరింది. పిల్లలు దాని మీద పడ్డారు. పిల్లవాడు కిందికి దిగి, తలకాయ వంచుకుని కారు వైపు చూస్తూ నిలబడ్డాడు. పాపం, వానికి కూడా ఎప్పుడు ఇంటికి పోదామా అన్నట్టే ఉంది.

నేను ఎసరు చూసి గడియారం వైపు తిరిగాను. నవ్వులు వినిపించింది అప్పుడే.

చిన్నపటేలు, అంటే పటేలు తమ్ముడు, ముప్పై అయిదేళ్ళ మనిషి, పొద్దున్నే తాగి ఉన్నాడు. ప్రసాదానికి చెయ్యి చాపిన నా మనవరాలిని రెక్క పట్టి పైకి లేపాడు. "ఏయ్, దీన్ని గూడ ఎక్కియ్యుర్రి, చూద్దాం! మా పోరడు ఎక్కువనా, గీ గేరి బర్రె ఎక్కువనా!" పలక మీద కుదేశాడు. అవతల పలక మీద బెల్లం అట్లాగే ఉంది. పిల్ల కూర్చున్న పలక నేలకు తాకింది. బెల్లం గాల్లోకి లేచింది.

జనం పడీపడీ నవ్వారు. పటేలు మనవని కన్నా నా పిల్ల ఎక్కువ తూగిందని తెలిసేసరికి నవ్వు ఆగింది. నేను గోడ దగ్గరికి వచ్చాను. చేతిలో గంటె ఉంది, పప్పు కలుపుతున్నదాన్ని అట్లాగే పరిగెత్తాను.

జనంలోంచి ఒక ఆడమనిషి గొంతు లేచింది. బడి పని కోసం ఎదురుచూస్తున్నామె. "పటేలు మనవడు నెయ్యి తిని, పాలు తాగి గింతయిండు. గీ పోరి ఏం తిని అయ్యింది? ఏడికెల్లి వచ్చింది గీ ఒళ్ళు?"

"ఇంకేడికెల్లి? మన పిల్లల గుడ్లు!" అని ఇంకొకామె.

చిన్నపటేలు పిల్ల జడ పట్టి పలక మీంచి గుంజాడు. పలక ఒక్కసారి పైకి లేచి పిల్ల గడ్డానికి తగిలింది. మోకాళ్ళ మీద పడింది. ఎడమ మోకాలు చిట్లి రక్తం కారింది. "ఎన్ని తిన్నవే? రోజుకెన్ని పెడ్తదే నీ అవ్వ?" అని చెంప మీద కొట్టాడు. చెయ్యి మళ్ళీ ఎత్తాడు. అతని వెనక ఇంకో ఇద్దరు ముందుకు వచ్చారు. ఒకని చేతిలో డప్పు కర్ర, మావాని చేతి నుంచి గుంజుకున్నది. పెద్దసారు గోడకు ఆనుకుని నిలబడ్డాడు, నేల చూస్తున్నాడు.

ఇక్కడ నా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పకపోతే నేను చేసింది మీకు అర్థం కాదు. చెప్పినా తప్పు తప్పే.

నాకు ఏడేళ్ళప్పుడు ఇదే పటేలు తండ్రి చేలో బుడ్డలు పీకడానికి పోయేవాళ్ళం. వేరుశనక్కాయలను మా వైపు బుడ్డలంటారు. సాయంత్రం గట్టు మీద మేస్త్రి కడివెడు నీళ్ళు పెట్టుకుని నిలబడేవాడు. కూలివాళ్ళు ఒక్కొక్కరూ నోరు పుక్కిలించి అతని ముందు ఉమ్మాలి. ఉమ్మిన నీళ్ళలో పప్పు పలుకు కనిపిస్తే ఆ రోజు కూలి లేదు, మీద దెబ్బలు. పిల్లలు ఉమ్మకుండా మింగుతారని మా నోట్లో వేలు పెట్టి దవడ లోపల తడిమేవాడు. ఆ వేలి ఉప్పు నాకు ఇప్పటికీ గుర్తే. ఒకరోజు నా పంటి సందులో ఎర్రటి పొట్టు దొరికింది. మేస్త్రి చింత బరికె తీశాడు. అతని చెయ్యి లేవకముందే మా అమ్మ నన్ను జుట్టు పట్టి నేలకేసి కొట్టింది. పిడికిళ్ళతో, కాళ్ళతో కొట్టింది. నోట్లో వేళ్ళు పెట్టి కక్కించింది. మేస్త్రి బరికె దించి నవ్వి పోయాడు. ఇంటికి పోయాక అమ్మ నా వీపుకు ఆముదం రాస్తూ చెప్పింది, "మనం ముందుగాల కొడితే వాళ్ళు కొట్టరు బిడ్డా. వాడు కొడితే నీ బొక్కలిరుగుతుండె."

మా గేరిలో అందరు తల్లులూ ఇదే చేశారు. నింద వచ్చిందంటే ఊరి చెయ్యి పడకముందే మా చెయ్యి పడాలి, వాళ్ళకన్నా గట్టిగా పడాలి. మేము దాన్ని కాపాడడం అనుకునేవాళ్ళం.

నేను గోడ దూకాను. ఈ వయసులో ఎట్లా దూకానో తెలియదు. చిన్నపటేలు చేతికి, పిల్లకు నడుమ పడ్డాను. పిల్ల నన్ను చూసి లేచింది. "అవ్వా" అంది. నేను కాపాడడానికి వచ్చాననుకుంది. రెండు చేతులూ చాపింది.

గంటెతో కొట్టాను. భుజం మీద, వీపు మీద, చాపిన చేతుల మీద. పొయ్యి మీంచి తీసిన గంటె, దానికి పప్పు అంటుకుని ఉంది. ఆ పప్పు మెడ మీద, ముంజేతి మీద పడ్డచోట చర్మం ఉబ్బింది. పిల్ల అరిచింది. అరుపు నాకు వినిపించింది, వినిపించలేదని అబద్ధం చెప్పను. "చెప్పు! తిన్నవా? గుడ్లు తిన్నవా? చెప్పవే దొంగముండా!" అని నేనే అరుస్తున్నాను. "తినలే అవ్వా, తినలే, నీ కాళ్ళు మొక్కుత" అంది. కింద పడేసి రొమ్ము మీద మోకాలు పెట్టి, దవడలు పట్టి నోరు తెరిచి, రెండు వేళ్ళు గొంతులోకి దించాను. నా వేళ్ళు కొరికింది. నేను తియ్యలేదు.

కక్కింది. తెల్లటి అన్నం, కారం నీళ్ళు, ప్యాకెట్ల ఎర్రటి పొడి. అంతే. నేను ఆ కక్కుడు వైపు వేలు చూపించి ఊరందరి ముందు అరిచాను. "చూడుర్రి! కండ్లు పెట్టి చూడుర్రి! గుడ్డున్నదా? ఏడున్నది గుడ్డు?"

పని కోసం చూస్తున్నామె వంగి చూసింది. ముక్కు మీద కొంగు పెట్టుకుంది. "నిన్న సోమారం తిన్న గుడ్డు ఇయ్యాల కనిపిస్తదా?" అంది.

ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది. కానీ ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. మళ్ళీ పిల్లనే కొట్టాను. గంటె కాడ వంగిపోయేదాకా కొట్టాను. చివరికి పటేలు కోడలు, పిల్లవాని తల్లి, నా చెయ్యి పట్టుకుంది. "సస్తది అవ్వా, ఇడ్సిపెట్టు. పిల్ల సస్తది." ఆమె కొడుకు కారు చక్రం దగ్గర కూర్చుని రెండు చెవులూ మూసుకుని ఏడుస్తున్నాడు. పట్టుపంచె ఊడిపోయింది, ఎవరూ పట్టించుకోలేదు. చిన్నపటేలు నన్ను చూసి రెండడుగులు వెనక్కి పోయాడు. డప్పు కర్ర పట్టుకున్నవాడు దాన్ని కింద పారేశాడు. మా అమ్మ చెప్పింది నిజమే. వాళ్ళు కొట్టలేదు.

అప్పుడు పెద్దసారు మొదటిసారి నోరు తెరిచాడు. "పప్పు మాడుతున్నది" అన్నాడు.

నేను వంటగదికి పోయాను. పిల్లను అక్కడే వదిలేసి పోయాను. అడుగు మాడిన పప్పును పైపైన తీసి, ఎసట్లో బియ్యం పోసి, పన్నెండున్నరకు అందరికీ పెట్టాను. గంటె వంకర పోయినందుకు చెంబుతో పోశాను. వరసలో ఒక్కరు కూడా తగ్గలేదు. నా పని నాకు మిగిలింది. సాయంత్రం ఊళ్ళో నన్ను మెచ్చుకున్నారు. "ముసల్ది నిఖార్సయిన మనిషి, సొంత మనవరాలిని గూడ ఇడ్వలే" అన్నారు. అప్పటి నుంచి గుడ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

మూడో రోజు పిల్ల మెడ మీద బొబ్బలు చీము పట్టాయి, జ్వరం వచ్చింది. వనపర్తి దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. పిల్ల కింది కనురెప్ప లాగి చూసింది, గోళ్ళు చూసింది, నాలుక చూసింది.

"పిల్లకు రక్తం లేదు."

"రక్తం లేకపోవుడేంది అమ్మా? గింత దొడ్డుగున్నది."

"ఒళ్ళుంది, రక్తం లేదు. ఏం తింటది?"

"అన్నం."

"అన్నంల ఏం?"

"కారం. ఎప్పుడన్న పప్పు."

"గుడ్డు?"

పిల్లే చెప్పింది. "బడిల పెట్టే గుడ్డు నేను తినను. అందరు నా దిక్కే చూస్తరని తినను. పక్క పిల్లకిస్త."

ఏడాదిగా ఆ పిల్ల ఒక్క గుడ్డు కూడా తినలేదట. రోజూ వడ్డించేది నేనే. వడ్డించిన తర్వాత ఎవరు తిన్నారో ఎవరు తినలేదో నేను చూడలేదు. నాకు వరస తగ్గకుండా ఉంటే చాలనిపించేది.

"గీ దెబ్బలేంది? ఎవరు కొట్టిర్రు?" అని అడిగింది డాక్టరమ్మ.

"పడ్డది" అన్నాను.

"మా అవ్వ కొట్టింది" అంది పిల్ల. ఏడవలేదు. గోడ మీద అక్షరం చదివినట్టు చెప్పింది.

డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి తిట్టింది. తిట్టాక రాసి ఇచ్చింది, రక్తం మాత్రలు, రొట్టె, ఆకుకూర, గుడ్డు, రోజూ ఆటలు. బయటికి వస్తుంటే దవాఖాన ఎదుటి మైదానంలో పటేలు మనవడు కనిపించాడు. కొత్త సైకిలు తొక్కుతున్నాడు, పక్కన ఒక కోచింగ్ సారు ఈల వేస్తూ ఉరుకుతున్నాడు. వాని ఒళ్ళు తగ్గించడానికి మైదానం, సైకిలు, జీతమిచ్చి పెట్టుకున్న మనిషి. మా పిల్ల ఒళ్ళుకు దొరికింది గంటె. పిల్ల నా వెనక నడుస్తూ ఆ సైకిలు చూసింది.

ఇంటికి వచ్చాక కంచంలో అన్నం పెట్టాను. కంచం జరిపింది. అప్పు మీద జొన్నలు తెచ్చి రొట్టె చేశాను, జరిపింది. బడిలో వరసలో నిలబడటం మానేసింది. పొద్దున తనే లేచి ఇంత అన్నం వండుకుని డబ్బాలో పెట్టుకుని తెచ్చుకునేది. బడి అరుగు మీద ఆ డబ్బా మూత తీసే చప్పుడు వంటగదిలో నాకు వినిపించేది. మొదటి ఏడు విన్న చప్పుడే అది. ఊళ్ళో సగం ఇళ్ళ వాళ్ళు నా చేతి కూడు తిననప్పుడు నేను తట్టుకున్నాను. నా మనవరాలు తిననప్పుడు నా వల్ల కాలేదు. ఇరవై రోజులు అట్లా గడిచాయి. పిల్ల చిక్కిపోయింది. ఊళ్ళో ఆడవాళ్ళు "చూసిర్రా, గుడ్లు బంద్ అయినంక ఎట్ల తగ్గిందో" అన్నారు.

ఆ మాట విన్న రాత్రి ఒక తెల్ల కాగితం తీసుకుని రాశాను. రాయడానికి చాలా సేపు పట్టింది. "బడి గుడ్లు ఎవరూ దొంగిలించలేదు. నా మనవరాలు ఏడాదిగా గుడ్డు తినలేదు. పిల్లకు రక్తం లేదని దవాఖానలో చెప్పారు. పిల్ల తప్పు చేసినందుకు నేను కొట్టలేదు. నా పని పోతుందని కొట్టాను. మొదట కొట్టింది చిన్నపటేలు." కింద నా పేరు రాశాను. తెల్లవారి బడి గోడ మీద, ఏ వారం ఏం వండాలో రాసి ఉన్న చోట, అన్నం మెతుకులతో అతికించాను.

పదకొండు గంటలకు చిన్నపటేలు వచ్చాడు. కాగితం చింపాడు. వంటగదిలోకి చెప్పులతో వచ్చి మరుగుతున్న గుండిగను తన్నాడు. గంజి నా ఎడమ పాదం మీద పడింది, చర్మం ఊడి వచ్చింది. "అచ్చరాలు నేర్సినవా ముసల్దానా? నా పేరు రాసేటంత దూరం వచ్చినవా?" అని గొంతు పట్టి గోడకు కొట్టాడు. పిల్లలందరూ కిటికీల దగ్గర గుమిగూడారు. నా మనవరాలు ముందు వరసలో ఉంది.

వంకర గంటె నా చేతికి అందేంత దగ్గరలో ఉంది. అందుకున్నాను. ఈసారి నా పిల్లను కొట్టలేదు. చిన్నపటేలు చెవి మీద కొట్టాను. రెండుసార్లు కొట్టాను. రక్తం కారింది. అతను తలుపు దగ్గర కూలబడ్డాడు. జీవితంలో నేను పైకులపువాని మీద చెయ్యి ఎత్తింది అదొక్కసారే. భయం వేసింది, ఇప్పటికీ వేస్తుంది.

నా పని ఆ పూటే పోయింది. మా గేరి చేతి నుంచి గంటె పోయింది. పెద్దసారు నేను పని విడిచినట్టు రాసిన కాగితం మీద సంతకం పెట్టించుకున్నాడు. పనిలో చేరిన రోజు ఏముందో తెలియకుండా వేలిముద్ర వేశాను, ఈసారి చదివే పెట్టాను. మా గేరిలో కూడా కొందరు నన్ను తిట్టారు, ఆరేళ్ళ గెలుపు కాగితం ముక్కకు పోగొట్టావని. వాళ్ళు అన్నది తప్పు కాదు.

సాయంత్రం పాదానికి తడిగుడ్డ కట్టుకుని గుమ్మంలో కూర్చున్నాను. పిల్ల ఎదురుగా వచ్చి కూర్చుంది. నా పాదం చూసింది.

"రేపటి సంది ఇంట్లనే ఉంటవా?"

"ఉంటా."

"అయితే నాకు తాళం ఎయ్యవు గదా."

"ఎయ్య."

"కాలువ దాకా ఉరుకుత. ఆన్నే ఆడుకుంట."

"నేను గట్టు మీద కూసుంట. నువ్వు ఉరుకు."

పొయ్యి మీద జొన్నరొట్టె కాల్చి, గోంగూర వేసి, కంచం ముందు పెట్టాను. చాలా సేపు ముట్టలేదు. కంచం జరపలేదు కూడా. నేను లేచి పక్కకు పోయాక రొట్టె తుంచిన చప్పుడు వినిపించింది. నా చేతి నుంచి ముద్ద ఇప్పటికీ తీసుకోదు. కంచంలో పెడితే తింటుంది.

ఇదంతా రాస్తుంటే పక్కన కూర్చుని చదివింది. "గాడ ఉన్నోళ్ళందరిని రాసినవా?" అని అడిగింది. ఊళ్ళో ఇప్పుడు అడిగితే ఎవరూ అక్కడ లేమంటున్నారు. అందుకని రాస్తున్నాను. ఆ మంగళవారం గద్దె దగ్గర ఉన్నవాళ్ళు వీళ్ళు: పటేలు, కుర్చీలోంచి లేవలేదు. పటేలు భార్య, మొక్కు మొక్కిన మనిషి. పటేలు తమ్ముడు. డప్పు కర్ర గుంజుకున్నవాడు, అతని పక్కవాడు. పటేలు కోడలు, నా చెయ్యి పట్టుకున్నామె. ఆమె కొడుకు, కారు దగ్గర ఏడ్చిన పిల్లవాడు. బడి పని కోరినామె, ఇప్పుడు ఆమే వండుతోంది. గుడ్ల మాట అన్న రెండో ఆమె. పెద్దసారు. బెల్లం మోసిన మా గేరి మగవాళ్ళు, డప్పులవాళ్ళు, వాళ్ళలో నా తమ్ముడు కూడా ఉన్నాడు, ఒక్కడూ కదలలేదు. బడి పిల్లలందరూ. గుడ్డు తిన్న పక్క పిల్ల. నా మనవరాలు. గంటె పట్టుకుని నేను.